ఊగకపోతే చాలా?

మా వీధి రోడ్డు కొలవడానికి ఈ వారం సర్వేయర్లు వచ్చారు. ట్రైపాడ్‌ను రోడ్డు పక్క మట్టిలో దించి, ఓ కుర్రాడు ప్రతి కాలి కొసన ఉన్న ఇనుప రెక్క మీద బూటు పెట్టి, కాలు వాలిన వైపుకే తొక్కాడు. ములుకు భూమిలో దిగింది. సిమెంటు రోడ్డు మీదకు మారాక తొక్కడం మానేసి, ఒక్కో ములుకుకూ ఒక్కో పగులు వెతికాడు. కాళ్లు విచ్చుకుపోకుండా నడుమ గొలుసు చుట్టాడు. ఆ తర్వాతే పైన టోటల్ స్టేషన్ అనే కొలత పరికరం బిగించాడు. పని తెలిసిన మనిషిని చూస్తే కడుపు నిండుతుంది.

నా పాత పాట ఒకటుంది: ఏ వస్తువుకైనా మూడు కాళ్లే మేలు. ముక్కాలిపీట ఎంత గతుకుల నేల మీదైనా ఊగదు. మూడు కొసలూ ఎప్పుడూ ఆనే ఉంటాయి. నాలుగు కాళ్ల బల్ల కింద మడిచిన అట్టముక్క పెట్టని హోటలు మన ఊళ్లలో ఎక్కడుంది?

కానీ ఊగకపోవడం వేరు, పడిపోకపోవడం వేరు. కాళ్లన్నీ ఒకే వృత్తం మీద సమదూరంలో ఉన్నాయనుకోండి. మూడైతే నడిమి నుంచి పక్కపక్క కాళ్లను కలిపే గీతకు దూరం వ్యాసార్ధంలో సగమే. బరువు ఆ గీత దాటిందా, పల్టీ. నాలుగైతే ఆ దూరం సుమారు 70 శాతం, అయిదైతే 80. ఆఫీసుల్లో తిరిగే కుర్చీకి అయిదు కాళ్లుండేది అందుకే. చంద్రుడి మీదా ఇదే లెక్క. 1966లో దిగిన సర్వేయర్-1 వ్యోమనౌకకు మూడు కాళ్లు. మనుషులను దింపే అపోలో లూనార్ మాడ్యూల్‌కు మాత్రం మూడు వద్దనుకున్నారు. తేలికే గానీ, ఒకటి దెబ్బతింటే మొత్తం ఒరిగిపోతుంది. అయిదు పెడదామంటే బరువు. చివరికి నాలుగు పెట్టి, నేలలో కూరుకుపోకుండా ఒక్కో కాలికీ 90 సెంటీమీటర్లు దాటిన వెడల్పున్న పళ్లెం తొడిగారు. 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్ ల్యాండర్‌కూ నాలుగే.

సర్వేయరు పరికరం మీద ఎవరూ ఒరగరు, దానికి మూడు చాలు. మనిషి ఒరిగేచోట నా ఓటు నాలుగుకే. అడుగున నాలుగు పాదాలున్న చేతికర్ర గచ్చు మీద గట్టిగా ఆనుతుంది. ఎగుడుదిగుడు వాకిట్లో ఒక పాదం గాల్లోకి లేస్తుంది కాబట్టి, నాలుగూ ఆనాకే బరువు మోపాలి. అయితే పాదాలెన్ని ఉన్నా పట్టు అడుగు రబ్బరుదే. గాడులు అరిగి నున్నబడితే తడి టైల్స్ మీద జారుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతికర్ర ఉంటే తిరగేసి చూడండి. రబ్బరు అరిగినా, పగిలినా ఇవాళే మార్చండి. సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది.