ఠాణా మెట్లెక్కలేని పైసలు

మోసాల మీద హాస్యం అల్లే కథకుడికి మొదట ఎదురయ్యే చిక్కు పోలీస్ స్టేషన్. మోసపోయినవాడు నేరుగా ఠాణాకు పోయి కాగితం రాసిచ్చాడంటే కథ అక్కడితో సరి. వాడు పోకుండా ఆపే కారణం ఒకటి గట్టిగా ఉండాలి, అదీ మొదటి అరగంటలోనే ప్రేక్షకుడి మనసుకెక్కాలి. శివనాగేశ్వరరావు ‘మనీ’ (1993)లో పెళ్లాన్ని ఎత్తుకుపోయారంటే మొగుడికి లోలోపల సంబరం. పోతే పీడ పోయిందనుకునేవాడు ఫిర్యాదు ఎందుకిస్తాడు? వివేక్ ఆత్రేయ ‘బ్రోచేవారెవరురా’ (2019)లో కిడ్నాపైన అమ్మాయే ఆ నాటకంలో భాగస్థురాలు. రూపక్ రొనాల్డ్‌సన్ ‘పరేషాన్’ (2023)లో ఈ చిక్కుముడిని విప్పిన తీరు పైకి ఆ రెండింటికంటే సాదాగా కనిపిస్తుంది. ఆలోచిస్తే అదే ఎక్కువ పదునైనది. ఇక్కడ పోయినవి లంచం కోసం కూడబెట్టిన పైసలు. వాటి గురించి ఎవరు ఎవరికి చెప్పుకోవాలి?

కథ నాలుగు మాటల్లో చెప్పొచ్చు. ఊరు మంచిర్యాల. ఐజాక్‌కు ఇంజినీరింగ్ గట్టెక్కలేదు. తండ్రి సమర్పణ్ సింగరేణి బొగ్గు గనుల కార్మికుడు. కొడుకును ఎట్లాగైనా కంపెనీలో పెట్టించాలని ఇల్లాలి ఒంటి మీది బంగారం కదిపి పైసలు తెస్తాడు, పైరవీకి. అవి చేరాల్సిన చోటికి చేరవు. అవసరం పడ్డదని చేయి చాపిన దోస్తులకు ఐజాక్ ఇచ్చేస్తాడు. సరిగ్గా అప్పుడే, తాను ప్రేమించిన శిరీష గర్భవతేమోనన్న భయం పట్టుకుంటుంది. ఆస్పత్రికి పైసలు కావాలి. ఇచ్చినచోట అడిగితే రావు. ఇక అక్కణ్నుంచి సినిమా అంతా ఆ పైసల వెనక పరుగే.

గోదావరి అవతల మంచిర్యాల, ఇవతల గోదావరిఖని. నడుమ నది ఉన్నా కంపెనీ ఒక్కటే, దాని మీద పెట్టుకున్న ఆశా ఒక్కటే. ఆ ఆశ ఎంత ఖరీదైందో తెలిస్తేనే ఈ హాస్యం లోతు అందుతుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఈ సినిమా వచ్చేనాటికి ఆ సంఖ్య 40 వేల చిల్లరకు దిగింది. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు వచ్చాక బొగ్గు పెరిగింది, కొలువులు తరిగాయి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని తిరిగి తెస్తే 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలిన ప్రధాన దారి కారుణ్య నియామకం: కార్మికుడు చనిపోయినా, మెడికల్ బోర్డు ‘అన్‌ఫిట్’ అన్నా ఇంట్లోవాళ్లకు ఉద్యోగం. ఒంట్లో బాగాలేదని తేలితే ఇంట్లో బాగుపడే ఏర్పాటు ఇది. దీని చుట్టూ దళారులు పుట్టుకొచ్చారు. వాళ్లను నమ్మి మోసపోవద్దని కంపెనీ మళ్లీ మళ్లీ ప్రకటనలు ఇస్తూనే ఉంటుంది. కొలువు కోసం పైసలు పెట్టడం నేరమన్న సంగతి కోల్‌బెల్ట్‌లో ఎవరికీ తెలియనిది కాదు. అయినా పెట్టని తండ్రిని చేతకానివాడంటారు.

‘పరేషాన్’ పనితనం మొదలయ్యేది ఇక్కడే. కథలో మొట్టమొదటి మోసం తండ్రిది. కానీ సినిమా దాన్ని మోసంగా చూపించదు, బాధ్యతగా చూపిస్తుంది. ఆ ఇంట్లో లంచం గురించి మాట్లాడుకోవడం పెళ్లి ఖర్చుల గురించి మాట్లాడుకున్నంత మామూలు. కొడుకు పైసలు దారి తప్పించినప్పుడు మాత్రం అది ఘోరం. ఒక తప్పు మీద నిలబడి రెండో తప్పును తిట్టిపోసే సమర్పణ్‌ను చూసి నవ్వుతూనే, ఆ కోపం న్యాయమైందేనని కూడా మనం ఒప్పుకుంటాం. రెండూ ఒకేసారి అనిపించేలా రాయడం తేలిక కాదు. దర్శకుడు ఎక్కడా తీర్పు వాక్యం పలికించకుండా, వరస మాత్రం మార్చకుండా దీన్ని సాధించాడు. ముందు తండ్రి పైరవీ, తర్వాత కొడుకు దానం, ఆ తర్వాత దోస్తుల ఎగవేత. ఈ వరసలో ఎవరి చేయీ కడిగిన చేయి కాదు, కాబట్టి ఎవరూ ఎవరినీ గట్టిగా నిలదీయలేరు.

రెండో నేర్పు లెక్క విషయంలో. పైసల చుట్టూ తిరిగే కథల్లో సాధారణంగా కథకుడు ప్రేక్షకుడి దగ్గర ఏదో దాచిపెట్టి, చివర్లో బయటపెట్టి ఆశ్చర్యపరుస్తాడు. ఇక్కడ దాపరికం లేదు. పైసలు ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతికి పోయాయో, ఎందుకు తిరిగి రావడం లేదో మనకు ముందే తెలుసు. తెలియనిది ఇంట్లోవాళ్లకు. ఉత్కంఠ ‘ఎవరు తీశారు?’ అన్న ప్రశ్నలో లేదు, ‘ఎప్పుడు బయటపడుతుంది?’ అన్న భయంలో ఉంది. అందుకే తండ్రి మామూలుగా ఒక మాట అడిగినా ఐజాక్ మొహం పాలిపోతుంది, మనకు నవ్వొస్తుంది. ఆ నవ్వుకు జోకు అక్కర్లేదు. ప్రశ్న చాలు.

దోస్తుల సంగతి ఇంకా సున్నితం. వాళ్లు ముఠా కాదు, పథకం వేసినవాళ్లూ కాదు. తీసుకునేటప్పుడు నిజంగానే అవసరం, తిరిగి ఇద్దామన్న ఉద్దేశమూ అప్పటికి నిజమే. అడిగిననాడు చేతిలో లేదు, అంతే. చేబదులు మోసంగా మారే ఘడియ ఏదని అడిగితే ఈ సినిమాలో వేలు పెట్టి చూపలేం. తప్పించుకు తిరగడం, సాకు చెప్పడం, అడిగినవాడికే మందు పోసి మాట మరిపించడం, ఇలా మెట్టు మెట్టుగా దిగుతూ పోతారు. వాళ్లను అసహ్యించుకోవడానికి మనసొప్పదు, నమ్మడానికి ధైర్యం చాలదు. స్నేహాన్ని పొగిడిన తెలుగు సినిమాలు చాలా ఉన్నాయి, దోస్తుల ద్రోహాన్ని తిట్టినవీ ఉన్నాయి. స్నేహం లోపలే ద్రోహం ఎట్లా కాపురం చేస్తుందో ఇంత చనువుగా చూపినవి అరుదు.

ఐజాక్‌గా తిరువీర్ ఎంపిక ఈ అల్లికకు ముడి. ‘పలాస 1978’లో, ‘మసూద’లో బరువైన పాత్రలు మోసిన నటుడు ఇక్కడ బరువు దించేసి తేలిపోయాడు. మొహమాటం అతని పాత్రకు మూలధనం. లేదనలేని మనిషి ఇంట్లో దొంగ అవుతాడు, బయట దాత అవుతాడు. రెండు చోట్లా ఉన్నది ఒకే గుణం. సమర్పణ్‌గా మురళీధర్ గౌడ్. విద్యుత్ శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక సినిమాల్లో వెలిగిన ఈయన ‘డీజే టిల్లు’ (2022)లో తండ్రిగా, ‘బలగం’ (2023)లో నల్లిబొక్క కోసం అలిగిన అల్లుడిగా అప్పటికే మనకు చుట్టమైపోయాడు. ఆయన తిట్టులో తాళం ఉంది. గొంతు పెంచే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే షిఫ్టు చేసి వచ్చిన మనిషి అలసట, కొడుకు మీది ప్రేమ, చుట్టుపక్కలవాళ్ల ముందు ఇజ్జత్ పోతుందన్న జంకు అన్నీ కనిపిస్తాయి. శిరీషగా పావని కరణం పాత్ర చిన్నది. అయినా ఈ మగవాళ్ల గందరగోళంలో నిజంగా భయపడాల్సిన కారణం ఉన్నది ఆమె ఒక్కదానికే అన్న ఎరుక ఆ మొహంలో తప్పిపోదు.

ఐజాక్‌ వాళ్లది క్రైస్తవుల ఇల్లు. పాత తెలుగు సినిమాలో రాబర్టులూ పీటర్లూ ఎక్కువగా విలన్ కొలువులోనే పనిచేశారు. ఇక్కడ మతం కథకు కారణమూ కాదు, అలంకారమూ కాదు. బొగ్గుబాయి కుటుంబాల్లో అది ఉన్నట్టే ఉంది. దర్శకుడు అనుకుని పెట్టాడో లేదో గానీ, బైబిల్లో ఇస్సాకును (ఐజాక్‌కు తెలుగు రూపం) తండ్రే బలిపీఠం దాకా నడిపిస్తాడు. ఈ ఐజాక్‌ను తండ్రి నడిపించేది తాను ఒళ్లు అరగదీసుకున్న అదే బాయి వైపు. కొడుకు తప్పించుకోజూస్తే తండ్రికి అర్థం కాదు. అర్థమైతే ఈ హాస్యమే లేదు.

‘పరేషాన్’ వచ్చిన 2023లోనే, మార్చిలో ‘దసరా’ వచ్చింది. గోదావరిఖని గనుల పక్కన వీర్లపల్లి అనే ఊరిని కల్పించి, బొగ్గునూ మందునూ పురాణమంత ఎత్తుకు లేపిన సినిమా అది. జూన్ 2న రానా దగ్గుబాటి సమర్పణలో వచ్చిన ‘పరేషాన్’ అదే బొగ్గునూ అదే మందునూ ఇంటి గడప ఎత్తుకు దించింది. రెండింట్లోనూ తాగుడు అడుగడుగునా ఉంది. మొదటిదాంట్లో అది విధి. రెండోదాంట్లో అది బాకీలు వాయిదా వేసే పద్ధతి, తాగినంతసేపూ ఎవరూ పైసలు అడగరు.

లోపాలు లేవని కాదు. రెండో సగంలో పరుగు అక్కడక్కడే తిరుగుతుంది. ఒక దావత్‌కూ ఇంకో దావత్‌కూ తేడా తగ్గిపోయి నవ్వు పలచబడుతుంది. శిరీష వైపు నుంచి కథ ఇంకొంచెం నడిచి ఉంటే బరువు సమంగా పడేది. యాసను నవ్వు కోసం సాగదీసిన చోట్లూ ఉన్నాయి. కానీ చాలా భాగం ఆ యాస ప్రదర్శన కోసం లేదు. బతిమాలుకోవడానికీ, బుకాయించడానికీ, తిడుతూనే దగ్గరికి తీసుకోవడానికీ వాడే పనిముట్టుగా ఉంది.

థియేటర్ల తర్వాత సోనీ లివ్‌లో వచ్చిన ఈ సినిమాను కొత్తగా రాసేవాళ్లు ఒకసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని చూడాలి. మోసం కథకు మహా తెలివైన మోసగాడు కావాలన్న నమ్మకం ఇక్కడ వీగిపోతుంది. తెలివైనవాడు ఒక్కడూ లేడు. ప్రేమ ఉన్న మనుషులు, చాలని పైసలు, నోరు విప్పలేని ఒక తప్పు ఉంటే చాలు. చుట్టూ ఉన్న ప్రతివాడూ మోసగాడూ అవుతాడు, బాధితుడూ అవుతాడు. ఇవన్నీ కోల్‌బెల్ట్‌లో ప్రతి క్వార్టర్‌లోనూ దొరికే సరుకే. దాన్ని తూకం తప్పకుండా వాడినవాళ్లే తక్కువ.