పీరియడ్లు తక్కువ, చరిత్ర ఎక్కువ

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు బడి ఏడాదికి కనీసం 220 రోజులు నడవాలి. సాంఘిక శాస్త్రానికి రోజుకొక పీరియడ్ వేస్తే 220 పీరియడ్లు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం వాటిని సమంగా పంచుకుంటే చరిత్ర వాటాకు 55 వస్తాయి. పీరియడ్ 45 నిమిషాలైతే అది సుమారు 41 గంటలు. పరీక్షలు, పునశ్చరణ కూడా అందులోంచే తీయాలి. వేల ఏళ్ల గతం ఆ గంటల్లో ఇమడదు. కాబట్టి చరిత్ర సిలబస్ తయారుచేసేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏది వదిలేయాలన్నదే.

వదిలే పని సిలబస్ చేయకపోతే కాలెండరు చేస్తుంది. అన్ని వంశాలూ, అన్ని యుద్ధాలూ పుస్తకంలోకి ఎక్కితే ఒక్కోదానికి ఒక పేరా దక్కుతుంది. పరీక్షలు దగ్గరపడేసరికి పోర్షన్ పూర్తి చేయాలన్న తొందరలో చివరి యూనిట్లను పరుగున చదివించేస్తారు. పాఠాలు కాలక్రమంలో ఉంటాయి కనుక ఆ చివరివి చాలాసార్లు స్వాతంత్ర్యోద్యమం, దేశ విభజన, రాజ్యాంగ రచన అవుతాయి. పిల్లలు ఈనాడు బతుకుతున్న వ్యవస్థ ఎలా ఏర్పడిందో చెప్పే భాగమే వారికి అందకుండా పోతుంది. 1993లో యశ్‌పాల్ కమిటీ గుర్తించిన సమస్య ఇదే: పుస్తకాల సంచి బరువుకన్నా చదివింది అర్థం కాకపోవడమే పిల్లలకు పెద్ద భారం.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన తొమ్మిదో తరగతి పుస్తకం మరో దారి పట్టింది. వంశాల వరుసను పక్కనపెట్టి కొన్ని అంశాలనే లోతుగా తీసుకుంది. ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీయిజం ఒక భాగం. అడవిజనం, పశుపోషకులు, రైతులు మరో భాగం. క్రికెట్, దుస్తుల చరిత్ర ఇంకో భాగం. ఈ ఎంపిక వెనక ఉన్న సూత్రం నేటికీ పనికొస్తుంది. ఒక అంశం సిలబస్‌లో చోటు సంపాదించుకోవాలంటే దాన్ని మూడు ప్రశ్నలతో తూచాలి.

మొదటిది: ఈ ఒక్క పాఠం ఎన్ని చోట్లను, ఎన్ని కాలాలను అర్థం చేయిస్తుంది? అడవి చట్టాల పాఠమే చూడవచ్చు. 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు సాగుకు, అటవీ ఫలసాయానికి అడ్డుకట్ట వేసింది. దానికి తోడు ఘాట్ రోడ్ల కోసం చేయించిన వెట్టి ఉంది. వీటి నేపథ్యంలోనే అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24 రంప తిరుగుబాటు వచ్చింది. నిజాం రాజ్యంలో ఆసిఫాబాద్ అడవుల్లో గోండుల భూమికి అదే గతి పట్టినప్పుడు కొమరం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. 1910 బస్తర్ తిరుగుబాటు మూలాలూ అడవి హక్కుల్లోనే ఉన్నాయి. వీరుల పేర్లుగా విడివిడిగా నేర్పితే ఇవి మూడు బిట్లు. అడవి ఎవరిదన్న ప్రశ్న కింద చేరిస్తే మూడూ ఒకే పాఠమవుతాయి. నాలుగైదు పీరియడ్లలో కారణం నుంచి ఫలితం దాకా పిల్లలు తామే నడిచి వెళ్లగలుగుతారు.

రెండవది: పిల్లలు చేత్తో పట్టుకుని పరిశీలించగల ఆధారం ఉందా? కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం అలాంటిది. తుపానుకు ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అది చెబుతుంది. రాజు ఆ మాట ఎందుకివ్వాల్సి వచ్చింది? శాసనం వేయించినవారే తమను పొగుడుకుంటే ఎంతవరకు నమ్మాలి? ఒక్క శాసనం చుట్టూ నడిచే ఈ చర్చలో సముద్ర వర్తకం, పన్నులు, రాచరికం అన్నీ వస్తాయి. కాకతీయ రాజుల పట్టిక వల్లిస్తే ఇవేవీ రావు.

మూడవది: భిన్నమైన వాదనలను తూచడం ఈ అంశం నేర్పుతుందా? హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17ను కొందరు విమోచనమంటారు, కొందరు విలీనమంటారు. ఒక్కో పేరు వెనక ఒక్కో అనుభవం, ఒక్కో రాజకీయం ఉన్నాయి. వివాదం ఉందని దీన్ని తప్పించకూడదు. ఏ పేరు ఎందుకు వచ్చిందో ఆధారాలతో చెప్పగలిగిన విద్యార్థి రేపు ఏ ప్రచారాన్నయినా నిలదీయగలడు.

కోత వేసేటప్పుడూ ఈ మూడు ప్రశ్నలే కొలమానం కావాలి. భారం తగ్గించే పేరుతో 2019లో తొమ్మిదో తరగతి పుస్తకం నుంచి దుస్తులు, క్రికెట్, రైతుల పాఠాలను తీసేశారు. దుస్తుల పాఠంలో తిరువాన్కూరు నాడార్ స్త్రీలు పైవస్త్రం ధరించే హక్కు కోసం చేసిన పోరాటం ఉండేది. ఒంటి మీది బట్టలోనూ కులం, అధికారం ఎలా పనిచేస్తాయో పిల్లలకు చూపే అరుదైన పాఠం అది. పేజీలు లెక్కపెట్టి కోస్తే ముందుగా పోయేవి ఇలాంటివే.

లోతుకు వెళ్లడమంటే కాలక్రమాన్ని వదిలేయడమని అర్థం కాదు. శాతవాహనుల నుంచి 2014లో తెలంగాణ ఏర్పాటు దాకా ముఖ్య ఘట్టాలతో ఒక కాలరేఖ తరగతి గోడ మీద ఏడాది పొడవునా ఉండాలి. లోతుగా చదివిన ప్రతి అంశాన్నీ పిల్లలు దాని మీద గుర్తించాలి. వదిలేసిన అంశాలకు బడి గ్రంథాలయంలో చోటివ్వాలి. ప్రశ్నపత్రం కూడా మారాలి. తేదీలు, పేర్లే అడిగినంత కాలం ఎంత మంచి ఎంపికయినా తరగతి గదిలో గైడు పుస్తకంగా కుదించుకుపోతుంది. ఒక శాసన భాగమో, ఒక పటమో ఇచ్చి వివరించమని అడిగితే ఉన్న 41 గంటలూ ఆలోచనకు దక్కుతాయి.