జేబులో ఏకాంతం

జేబులో పట్టే కంప్యూటర్ల గురించి వచ్చిన రాతలు చదువుతూ పోతే అవి ఎక్కువగా రెండు దారుల్లో నడుస్తాయి. మొదటిది వంశవృక్షం దారి: పామ్‌టాప్ తర్వాత పీడీఏ, పీడీఏ తర్వాత స్మార్ట్‌ఫోన్ అంటూ వరసలు కలుపుకుంటూ వస్తుంది. రెండోది బెంగ దారి: రెండు పెన్సిల్ బ్యాటరీలతో వారాలపాటు నడిచేది, మూత తెరిచి మీట నొక్కగానే లేచి కూర్చునేది, అలాంటి వస్తువు మళ్ళీ రాదు అని. రెండింట్లోనూ చదవదగ్గవి ఉన్నాయి. కానీ ఆ జేబులో ఉన్నది ఏ భాష అని మాత్రం వాటిలో ఎవరూ అడిగినట్టు కనపడదు. ఇంగ్లీషులో రాసుకునేవాడికి ఆ అవసరం రాలేదు, అంతే. తెలుగువాడికి కథ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

1991 సంగతి చూడండి. ఆ ఏడాది హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్ళ 95ఎల్ఎక్స్ వచ్చింది. డాస్ మీద నడుస్తుంది, లోటస్ 1-2-3 లోపలే ఉంటుంది, కోటు జేబులో పడుతుంది. అదే ఏడాది ఇంగ్లండులో సయాన్ సిరీస్ 3 వచ్చింది. అదే ఏడాది మన దేశంలో భారతీయ లిపుల కోసం ఇస్కీ ప్రమాణం ఖరారైంది. యూనికోడ్ మొదటి కూర్పు వెలువడిందీ ఆ ఏడాదే, అందులో తెలుగుకి చోటు కూడా ఉంది. అంటే జేబు కంప్యూటరూ, కంప్యూటర్లో తెలుగు అక్షరాలకి అంతర్జాతీయ చిరునామా ఒకే ఏడాది పుట్టాయి. ఆ రెండూ ఒక సామాన్యుడి జేబులో కలుసుకోడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. నా ఉద్దేశంలో ఆ ఇరవై ఏళ్ళ ఎడం మన రాత మీద ఒక గుర్తు వదిలి వెళ్ళింది. దాన్ని మనం ఇంకా సరిగ్గా చూడలేదు.

*

ఈ వస్తువుల్లో నాకు బాగా తెలిసింది 1994లో వచ్చిన 200ఎల్ఎక్స్. 300 గ్రాముల పైచిలుకు బరువు. తెర మీద వరసకి 80 అక్షరాలు, మొత్తం 25 వరసలు. తెర వెనక దీపం లేదు కాబట్టి చీకట్లో పనికిరాదు. బొటనవేళ్ళతో కొట్టుకునే బుల్లి మీటలు. మోడెమ్ కార్డు పనిగట్టుకుని తగిలిస్తే తప్ప బయటి ప్రపంచంతో దానికి సంబంధం లేదు. మనం అలారం పెట్టుకుంటే తప్ప మోగదు. ఈ ఆఖరి రెండు సంగతులూ అప్పట్లో లోపాలుగానే లెక్కకొచ్చాయి.

దీని యజమానుల కోసం అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్ అనే చిన్న ఊరినుంచి, ‘హెచ్‌పీ పామ్‌టాప్ పేపర్’ అనే పత్రిక తొంభైలలో నడిచింది. ఫలానా పనిలో ఉన్న ఫలానా మనిషి దీన్ని ఎలా వాడుతున్నాడో చెప్పే పరిచయాలు అందులో వచ్చేవి. ఇలాంటి రాతల్ని సాహిత్యం కింద ఎవరూ లెక్కవెయ్యరు. నాకు మాత్రం అవి ఒక ప్రక్రియలాగే కనిపిస్తాయి. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ముందు పాత డైరీ బాధలు చెప్పాలి. తర్వాత దీన్ని కొన్న సందర్భం. ఆ తర్వాత అసలు విషయం, అంటే ఏ ఫైలు ఎక్కడ, ఏ మీటకి ఏ పని. చివర్లో ఇది లేకపోతే నా బతుకు ఎలా నడిచేదో అన్న ఒక నిట్టూర్పు. రాసినవాళ్ళు తమ గురించి పెద్దగా చెప్పుకోరు. కానీ ఒక మనిషి దేన్ని మర్చిపోతానని భయపడుతున్నాడో తెలిస్తే ఆ మనిషి చాలావరకు తెలిసినట్టే. మందుల మోతాదులు, అప్పుల లెక్కలు, పిల్లల పుట్టినరోజులు, వాన పడిన తేదీలు. పైకి వాడకం గురించి రాస్తున్నట్టు ఉండి లోపల్లోపల ఆత్మకథ రాసుకోవడం ఈ ప్రక్రియ బలం. ఆ ఆత్మకథని తెరిచి చూడ్డానికి ధైర్యం చెయ్యకపోవడం దాని బలహీనత.

ఇంకోటి కూడా గమనించాలి. ఆ రాతల్లో మనిషి ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు. రైల్లోనో, క్యూలోనో, ఆసుపత్రి బల్ల మీదో ఒంటరిగా కూర్చుని తనకోసం తను రాసుకుంటూ ఉంటాడు. అవతల ఎవరూ లేరు. ఆ కంప్యూటర్ పేరులో ఉన్న ‘పర్సనల్’ అన్న మాటకి అసలైన అర్థం దొరికింది అక్కడే అనిపిస్తుంది.

*

మన సంగతికి వచ్చే ముందు పామ్ పైలట్ గురించి ఒక మాట. దాన్ని తయారుచేసిన జెఫ్ హాకిన్స్ అసలు వస్తువు తయారవకముందు అదే కొలతల్లో ఒక చెక్కముక్క చేయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడన్నది చాలామందికి తెలిసిన కథే. 1996లో వచ్చిన ఆ యంత్రంలో గ్రాఫిటీ అనే లిపి ఉంది. అంతకు మూడేళ్ళ ముందు ఆపిల్ న్యూటన్ మనిషి చేతిరాతని యంత్రం చేత చదివించాలని చూసి నవ్వులపాలైంది. పామ్ ఆ పని తిరగేసింది. యంత్రానికి అర్థమయ్యేలా మనిషే తన అక్షరాలు మార్చుకోవాలి. ‘ఏ’ అక్షరానికి మధ్య గీత తీసెయ్యాలి, ఒక్క గీతలో అక్షరం అయిపోవాలి. లక్షలమంది ఇష్టంగా నేర్చుకున్నారు. యంత్రం కోసం చేతిరాత మార్చుకోవడం ఒక కొత్త అనుభవమని పత్రికలు రాశాయి.

ఆ అనుభవం మనకి కొత్తదేం కాదు. అప్పటికే అమెరికాలో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్ళు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తున్నారు. చిన్న ‘టీ’ అంటే త, పెద్ద ‘టీ’ అంటే ట. చిన్న ‘ఎన్’ న, పెద్ద ‘ఎన్’ ణ. భారతదేశంలో సీడాక్ వాళ్ళ జిస్ట్ కార్డుతో డాస్ మీద తెలుగు వచ్చేది కానీ, అది బల్ల మీది కంప్యూటర్ పొట్టలో బిగించాల్సిన కార్డు. జేబుదాకా వచ్చేది కాదు. సయాన్ సిరీస్ 3ఎ లో గొంతు రికార్డు చేసుకునే వీలుండేది. అంటే ఆ కాలపు జేబు కంప్యూటర్లో తెలుగు మాట్లాడవచ్చు, రాయడానికి మాత్రం వేషం మార్చాలి.

నేను చేసిందీ అదే. సెకండ్ హ్యాండులో కొన్న పామ్‌టాప్‌లో కొన్నేళ్ళపాటు ఆర్‌టీఎస్‌లో తెలుగు రాసుకున్నాను. ఆదివారం ఫోన్లో అమ్మ వాడిన మాటలు, ఎవరితోనో పడ్డ మాటామాటా, పూర్తికాని కథల మొదటి పేరాలు. అన్నీ ఉత్త టెక్స్టు ఫైళ్ళు కాబట్టి ఇవాళ్టికీ తెరుచుకుంటున్నాయి. వాటిని ఈమధ్య తెలుగు లిపిలోకి మార్చి చదివితే నన్ను ఆపినవి ఆ విషయాలు కావు, వాక్యాల తీరు. సగంలో ఆగిపోయిన వాక్యాలున్నాయి. ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పి ఏదీ కొట్టెయ్యకుండా వదిలేసినవి ఉన్నాయి. ఎవరినీ నవ్వించని, ఎవరినీ ఒప్పించాలని చూడని మాటలు. ఇప్పుడు నా ఫోన్లో ఉన్న నోట్సు పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇప్పటి నోట్సులో ప్రతి వాక్యం తలదువ్వుకుని కూర్చుంది. ఎవరో చూస్తారని దానికి ముందే తెలుసు.

*

మన భాషని లెక్కలోకి తీసుకున్న జేబు కంప్యూటర్ అసలు రాలేదా అంటే, వచ్చింది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి రూపుదిద్దిన సింప్యూటర్. దాని పూర్తి పేరులోనే సరళం, చవక, బహుభాషలు అన్న మూడు మాటలూ ఉన్నాయి. 2001లో లోకానికి చూపించారు. 2004లో అమిడా పేరుతో బజారులోకి వచ్చింది. లినక్స్ మీద నడిచేది. చదువురానివాళ్ళకి తెర మీది మాటలు చదివి వినిపించాలన్నది ఆ ఆలోచనలో భాగం. అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. ధర, పంపిణీ, ఆలస్యం, అప్పటికే సెల్‌ఫోన్ ఊళ్ళలోకి రావడం లాంటి కారణాల గురించి రావలసినంత చర్చ వచ్చింది కాబట్టి ఆ జోలికి పోను.

నన్ను ఆలోచింపజేసేది దాని స్మార్ట్ కార్డు. పేదవాడు సొంతంగా కొనలేడు కాబట్టి ఊరంతటికీ ఒక యంత్రం ఉంటుంది. ఎవరి సమాచారం వాళ్ళ కార్డులో ఉంటుంది. కార్డు పెట్టి పని చూసుకుని, తీసుకుని వెళ్ళిపోవాలి. ఇంజనీరింగ్ పరంగా ఇది తెలివైన పరిష్కారం. దాని వెనక ఉన్న మంచి మనసుని కూడా శంకించక్కర్లేదు. కానీ ఆ ఊహలో ఒక మనిషి బొమ్మ ఉంది. ఆ మనిషికి పంట ధర కావాలి, భూమి రికార్డు కావాలి, బ్యాంకు లెక్క కావాలి. రాత్రిపూట గడప మీద కూర్చుని తనకోసం నాలుగు మాటలు రాసుకోవాలన్న కోరిక ఆ బొమ్మలో లేదు. భారతీయ భాషల గురించి ఆలోచించిన యంత్రం ఏకాంతాన్ని పక్కన పెట్టింది. ఏకాంతం ఇచ్చిన యంత్రాలకి మన భాష రాదు. మన భాషలు చదివేవాడికి సమాచారం చాలు, అంతరంగం అక్కర్లేదు అన్న ఈ అంచనా సింప్యూటర్‌తో పోలేదు. ఇవాళ మన భాషల పేరుతో వచ్చే చాలా యాప్‌లలో అదే అంచనా నడుస్తోంది.

*

చివరికి తెలుగు జేబులోకి వచ్చింది. మొదట్లో ఫోన్ తెర మీద అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చేవి. తర్వాత ఒత్తులు పక్కకి జారిన తెలుగు. ఆ తర్వాత సరైన తెలుగు. 2017లో గూగుల్ మాట్లాడితే రాసే సదుపాయం తెలుగులోనూ ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లని కూల్చేసింది. ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. జ్ఞానానికి తట్టుకోలేకపోయిందని అందరం నవ్వుకున్నాం. కానీ ఆ ముచ్చటలో ఒక నిజం ఉంది. ఆ అక్షరం ఎవరో ఎవరికో పంపినప్పుడు కూల్చింది. తెలుగు జేబులోకి వచ్చేసరికి ఆ జేబులో ఉన్న కంప్యూటర్ పంపడానికే పుట్టిన వస్తువైపోయింది.

నేను చెప్పదలుచుకున్నది ఇది. ఇంగ్లీషు రాతకి జేబు కంప్యూటర్లో రెండు దశలు దొరికాయి. ఒక పదేళ్ళు అది మూత వేసుకునే నోటుబుక్కు. ఆ తర్వాత అది నలుగురూ కూర్చునే అరుగు. తెలుగుకి మొదటి దశ దాదాపు లేదు. నేరుగా అరుగు మీదికే వచ్చింది. కాగితం ఉంది కదా అంటారు. ఉంది, కానీ కలం వదిలేసి బొటనవేళ్ళతోనే మొదటిసారి తెలుగు వచనం రాసిన తరం ఒకటి ఇప్పుడు మన ముందుంది. ఆ తరానికి చిత్తుప్రతి, అచ్చు ఒకే తెర మీద, ఒక మీట తేడాలో ఉన్నాయి.

దీనివల్ల వచ్చిన లాభం చిన్నది కాదు. అరుగు మీద మాట్లాడినట్టే రాశారు కాబట్టి ఉత్తరాంధ్ర యాస, రాయలసీమ యాస, తెలంగాణ జిల్లాల మాట ఏ సంపాదకుడి అనుమతీ లేకుండా రాతలోకి వచ్చేశాయి. ఎన్నడూ రాయని ఆడవాళ్ళు వంటింటి పని మధ్యలో రాశారు. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

నష్టం మాత్రం వాక్యంలో కనిపిస్తుంది. మొదటి లైనులోనే పాఠకుడి భుజం తట్టాలి. వాక్యానికో పేరా. ఎక్కడా రెండు నిమిషాలు తటపటాయించకూడదు. చివర్లో చప్పట్లు కొట్టించే ఒక మాట. తప్పుచేసిన పాత్ర మీద జాలిపడాలా వద్దా అని రచయిత తేల్చుకోలేకపోయిన చోట, మెచ్చుకునేవాళ్ళు ముందే తేల్చేసినట్టు వినిపిస్తుంది. ఈ లక్షణాలన్నీ రచయితల బద్ధకం వల్ల వచ్చాయని మన విమర్శ కసురుకుంటూ ఉంటుంది. నేను ఒప్పుకోను. ఎదురుగా జనం కూర్చుని ఉన్నప్పుడు ఎవరి మాటైనా అలాగే తయారవుతుంది.

కాబట్టి ఫేస్‌బుక్ పోస్టుల్ని కూర్చి పుస్తకంగా తెచ్చినప్పుడు సమీక్షకులు, ముఖ్యంగా సంపాదకులు, ఒక పని చెయ్యొచ్చు. పోస్టు చేసినవాటి బదులు, రాసి పంపకుండా ఆపేసినవి ఏమున్నాయో రచయితని అడగొచ్చు. ఫోన్లో ఎక్కడో డ్రాఫ్టుల్లో, తనకి తనే పంపుకున్న మెసేజుల్లో అలాంటివి ఉంటాయి. తనకి తను మెసేజ్ పెట్టుకోవడమే చూడండి. పంపడం తప్ప రాని యంత్రంలో మనవాళ్ళు ఏకాంతం కోసం కనిపెట్టుకున్న ఉపాయం అది. నేనైతే తెలుగు వచనం కోసం ముందు అక్కడ వెతుకుతాను.