బఠాణీ సూప్ లాంటి మంచు

మన కొత్త కథల్లో ఊళ్లన్నీ మంచు దుప్పటి కప్పుకునే ఉంటాయి. నేనూ కప్పాను. ఇంకో కథలో ఏకంగా ‘బఠాణీ సూప్ లాంటి మంచు’ అని రాశాను. చదివి మా అమ్మ, “గద్వాల దిక్కు బఠాణీ సూపెక్కడిదిరా?” అంది.

నవ్వాను గానీ, తగిలింది. లండన్ వాళ్లు ఆ మాట ఊరికే అనలేదు. బొగ్గు పొగ కలిసి అక్కడి మంచు పసుపు రంగులో, చిక్కగా ఉండేది. 1952 డిసెంబరులో వేలమందిని చంపింది కూడా. ఆ పోలిక వెనక ఒక ఊరుంది, దాని ఊపిరితిత్తులున్నాయి. నా కథలో ఏముంది? ఇంగ్లిష్ చదువుకున్న గుర్తు తప్ప!

మనకు మాటలు తక్కువ, అందుకే అప్పు తప్పదంటారు. నిజమే, హిమాలయాల మీద గడ్డకట్టినా, గడ్డిమీద చుక్కైనా మనకు మంచే. కానీ తెలుగు తన పనంతా క్రియతో చేస్తుంది. మంచు పడుతుంది, కురుస్తుంది, కమ్ముతుంది, విడిపోతుంది. నల్లమల అంచున, మన్ననూరులో, ఆకుల మీంచి రాలుతుంది. వనపర్తి నుంచి ఆత్మకూరు మీదుగా గద్వాల పోతుంటే జూరాల దగ్గర కృష్ణను మాయం చేస్తుంది. అప్పుడు బస్సులో ఎవరో అంటారు: “ఏం కానొస్తలేదు.”

ఆ రెండు మాటల్లో భయముంది, నది ఉంది. నా సూప్‌లో లేనివి అవే.