బ్రేకు మీద ఒక్క వేలు

ఎండ వేరు, ఉక్క వేరు. మే నెల మధ్యాహ్నం రామగుండంలో నెత్తి మాడిపోతుంది గానీ, చెమట పట్టిన చొక్కా నిమిషాల్లో ఆరిపోతుంది. మచిలీపట్నంలో ఎండ అంత లేకపోయినా చొక్కా సాయంత్రం దాకా ఒంటికి అతుక్కునే ఉంటుంది. జపాన్‌లో జూలై నెల రెండో రకం. ఆ ఉక్కకి భయపడే టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌నీ, నడక పోటీల్నీ ఉత్తరాన దాదాపు 800 కిలోమీటర్ల దూరంలో ఉన్న సప్పోరోకి తరలించారు. మౌంటెన్ బైక్ పోటీని మాత్రం కదపలేదు. ఇజు ద్వీపకల్పం కొండల్లో, 2021 జూలై 26 మధ్యాహ్నం మూడు గంటలకి జెండా ఊపారు. ఇంకో నాలుగు రోజులైతే 22 ఏళ్లు నిండే ఇంగ్లండు కుర్రాడు టామ్ పిడ్‌కాక్ గెలిచాడు.

ఆ పోటీ వీడియో చాలాసార్లు చూశాను. మొదట్లో అందరిలాగే అతని కాళ్లు చూసేవాణ్ణి. పోనుపోను చూపు చేతుల మీదికి మళ్లింది. పనితనం అక్కడ ఉంది.

ముందు వేడి లెక్క చూద్దాం. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో పెడల్‌కి చేరేది మహా అయితే నాలుగో వంతు. మిగతా మూడు వంతులూ వేడిగా ఒంట్లోనే మిగులుతాయి. పెడల్ మీద 300 వాట్లు పెడుతున్నాడంటే లోపల 900 వాట్ల ఇస్త్రీపెట్టె వెలుగుతున్నట్టే. ఆ వేడిని దింపుకోవడానికి గంటకి లీటరు పైచిలుకు చెమట ఆవిరైపోవాలి. కారిపోతే లాభం లేదు, ఒంటి మీదే ఆరాలి. గాల్లో తేమ నిండిపోయినప్పుడు చెమట ఆరదు, మోచేతి మీంచి బొట్లు బొట్లుగా నేల పాలవుతుంది. రోడ్డు మీద సైక్లిస్టుకి కనీసం వేగం వల్ల పుట్టే గాలి ఉంటుంది. కొండ ఎక్కేవాడికి అదీ లేదు. పని అన్నిటికంటే ఎక్కువ, గాలి అన్నిటికంటే తక్కువ.

ఈ ఆట ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టిందే ఇలాంటి వేడిలో. 1996 జూలై 30న అట్లాంటా పక్కన కోనియర్స్‌లో తొలి పోటీ జరిగింది, నెదర్లాండ్స్‌కి చెందిన బార్ట్ బ్రెంట్‌యెన్స్ గెలిచాడు. అప్పటి బాటలతో పోలిస్తే ఇజు బాట పొట్టిది, కోపిష్ఠిది. చుట్టు సుమారు 4.1 కిలోమీటర్లు, అందులోనే 150 మీటర్ల ఎత్తుపల్లాల తేడా. ఎక్కుడు ఊపిరి తీయనివ్వదు, దిగుడు కన్ను ఆర్పనివ్వదు. రాళ్లు పరిచిన ఒక దిగుడుకి జపాన్ రాతి తోటల పేరు మీద కరెసన్సుయి అని పేరు పెట్టారు. ఇంకోచోట బండ అంచు నుంచి కిందికి దూకాలి, దాని పేరు సకురా డ్రాప్. పేర్లు వింటే ఉద్యానవనంలో షికారులా ఉంటుంది.

పిడ్‌కాక్ బయల్దేరింది నాలుగో వరసలోంచి. మెడలో పతకాలున్న పెద్దలంతా ముందు వరసల్లో ఉన్నారు. ఇరుకు బాటలో ఒకణ్ణి దాటాలంటే కాస్త వెడల్పు దొరికిన చోట ఒక్క ఊపు ఊపాలి. ఊపిన ప్రతిసారీ ఒంట్లో వేడి ఒక మెట్టు పైకెక్కుతుంది. అతను కంగారు పడలేదు. మొదటి చుట్టులోనే ముందు గుంపు చేరువకి వచ్చాడు. సగం పోటీ అయ్యేసరికి స్విట్జర్లాండ్ ఉద్దండులు నీనో షుర్టర్, మథియస్ ఫ్లూకిగర్‌లని దాటి ముందుకి పోయాడు.

ఇక దగ్గరగా చూడాల్సింది రాళ్ల దిగుడు. పెడళ్లు రెండూ నేలకి సమానంగా నిలుస్తాయి. నడుము వెనక్కి, మోచేతులు బయటికి. సైకిల్ కింద ఎగిరెగిరి పడుతున్నా తల మాత్రం నిండు బిందె మోస్తున్నట్టు నిలకడగా ఉంటుంది. చూపు ముందు చక్రం మీద ఉండదు, రెండు మూడు రాళ్ల అవతల ఉంటుంది. హ్యాండిల్‌ని నాలుగు వేళ్లు పట్టుకుంటే, చూపుడు వేలు ఒక్కటే బ్రేకు మీద ఆనుకుని ఉంటుంది. బ్రేకు మీద ఒక్క వేలే ఉంచడం ఈ పోటీల్లో అందరికీ అలవాటే. ఆ వేలు ఎప్పుడు బిగుస్తుంది, ఎంతసేపు బిగుస్తుంది అన్నదాంట్లోనే మనిషికీ మనిషికీ తేడా. చాలామంది మలుపులోకి దిగాక కూడా బ్రేకు పట్టుకునే ఉంటారు. పిడ్‌కాక్ మలుపుకి ముందే ఒకసారి గట్టిగా నొక్కి వదిలేస్తాడు. ఆపైన సైకిల్‌ని దాని దారిన పోనిస్తాడు.

దీనికీ ఉక్కకీ సంబంధం ఏమిటి? తిరుమల ఘాట్ రోడ్డు దిగేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగిన బండి దగ్గరికి వెళ్తే కాలిన వాసన వస్తుంది. వేగం ఎక్కడికీ పోలేదు, వేడిగా మారి డిస్కులో కూర్చుంది. సైకిల్‌కి ఇంజన్ మనిషే కాబట్టి కథ అక్కడితో అయిపోదు. పోగొట్టుకున్న వేగాన్ని మలుపు దాటాక మళ్లీ తొక్కి తెచ్చుకోవాలి. అనవసరంగా నొక్కిన ప్రతి బ్రేకుకీ వేడి రెండుసార్లు పుడుతుంది, ఒకసారి డిస్కులో, ఇంకోసారి తొడల్లో. డిస్కు గాలికి చల్లారుతుంది. తొడల్లో పుట్టింది ఆ ఉక్కలో ఎటూ పోలేదు. పైగా ఎక్కుడులో దొరకని గాలి దొరికేది దిగుడులోనే. పెడల్ ఆపి, ఒళ్లు వదులు చేసి దిగగలిగినవాడికి అది విశ్రాంతి, విసనకర్ర కూడా. బిగుసుకుపోయి దిగేవాడికి అది ఇంకో ఎక్కుడు. టీవీలో పిడ్‌కాక్ దూరం పెంచుకుంటున్నట్టు కనబడింది ఎక్కుళ్లలోనే. ఆ ఎక్కుళ్లకి కావలసిన కాళ్లని మాత్రం అతను దిగుళ్లలో దాచుకున్నాడని నా నమ్మకం.

దిగుడు ఎంత నిర్దయగా లెక్క అడుగుతుందో ఆరోజే తెలిసింది. పతకం ఖాయమనుకున్న డచ్ వీరుడు మాథ్యూ వాన్ డర్ పూల్, మొదటి చుట్టులోనే సకురా డ్రాప్ దగ్గర పల్టీ కొట్టాడు. సాధన రోజుల్లో అక్కడ ఉన్న వాలు పలక పోటీనాడు కూడా ఉంటుందనుకున్నాడు. పలక తీసేశారు. దూకాల్సిన చోట దొర్లించబోయాడు. అంతటి నేర్పరికి లోపించింది ఒక్క కబురే.

ఈ చేతుల పని వెనక ఇంట్లో జరిగిన పని ఒకటుంది. ఆ మే నెలాఖరులో సాధన చేస్తుండగా కారు గుద్ది పిడ్‌కాక్ కాలర్‌బోన్ విరిగింది. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే కదలని సైకిల్ ఎక్కాడు. జపాన్ ఉక్కకి ఒళ్లు అలవాటు పడాలని ఇంట్లోనే ఒక గుడారం వేసి, లోపల వేడి పెట్టుకుని తొక్కాడు. ఇది మొండితనంలా కనబడుతుంది గానీ దీని వెనక శరీరశాస్త్రం ఉంది. వారం పది రోజులు వేడిలో పనిచేస్తే నెత్తురులో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. మనిషి కూడా చిన్నవాడు, దాదాపు 58 కిలోలు. పెద్ద గిన్నెలో టీ కంటే చిన్న గ్లాసులో టీ ముందు చల్లారుతుంది కదా, అలాంటి వెసులుబాటు ఆ ఒంటికి ఉంది.

వేసవి పోటీల్లో మిగతా సరంజామా మనకి తెలిసినంత నాటుగానే ఉంటుంది. ఆడవాళ్ల పల్చటి నైలాన్ మేజోడులో ఐసు ముక్కలు పోసి ముడివేసి, జెర్సీ లోపల మెడ వెనక దోపుకుంటారు. నీళ్ల సీసా బాటలో ఎక్కడపడితే అక్కడ అందుకోవడానికి లేదు, నిర్ణయించిన చోటే అందుకోవాలి. రెండు గుక్కలు తాగి, మిగతాది నెత్తిన పోసుకుని, సీసా విసిరేస్తారు. ఇదంతా పెడల్ ఆగకుండా.

ఇజు గెలుపు గాలివాటు కాదని తర్వాత రుజువైంది. 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో గాలిబియే కనుమని గంటకి 100 కిలోమీటర్ల వేగంతో దిగి ముందువాళ్లని అందుకుని, అల్ప్ దుయెజ్ శిఖరం మీద గెలిచాడు. 2024 జూలై 29న పారిస్ ఒలింపిక్స్‌లో, ఆ నగరం పక్కన ఎలాంకూర్ గుట్ట మీద, మళ్లీ వేడి రోజునే, పోటీ సగంలో ముందు చక్రం పంక్చరైంది. దాదాపు 40 సెకన్లు పోయాయి. ఒక్క ఉదుటున తరమలేదు, చుట్టుకింత చొప్పున బాకీ తీర్చుకుంటూ వచ్చాడు. చివరి చుట్టులో చెట్టుకి అటువైపు నుంచి దూరి, ముందున్న ఫ్రెంచి ఆటగాడు విక్టర్ కొరెట్స్కీని దాటాడు. ఆ దూరడంలో ఇద్దరూ ఒరుసుకున్నారు, ఫ్రెంచి జనం గేలి చేశారు. ఆ ఎత్తు మెచ్చుకోదగిందా కాదా అన్న వాదన ఉండనే ఉంది. గెలుపు తేడా తొమ్మిది సెకన్లు.

నాకు మాత్రం ఇజు పోటీయే ఇష్టం. అక్కడ ఎవరితోనూ ఒరుసుకోలేదు. గంటా పాతిక నిమిషాలు దాటాక ముగింపు దారిలోకి ఒంటరిగా వచ్చాడు. రెండోవాడు ఫ్లూకిగర్ 20 సెకన్లు వెనక, మూడోవాడు స్పెయిన్‌కి చెందిన డేవిడ్ వలేరో 34 సెకన్లు వెనక. ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి బ్రిటన్ జెండా అందుకునేంత తీరిక దొరికింది. మొదటిసారి చూసినప్పుడు, ఆ వేళ్లు బ్రేకుని వదిలింది అప్పుడేననిపించింది. అవి మొదటి చుట్టు నుంచీ వదిలే ఉన్నాయి.