ముదిమి చూపునకు తగిన కెమేరా

అరువది దాటిన కన్నులకు ఏ కెమేరా తగునని యడుగువారికి పత్రికలలోని పరీక్షలు అంతగా ఉపకరింపవు. అవి కటకపు పదునును కొలుచును గాని చూచువాని కంటిని కొలువవు.

రాయగడ మజ్జిగౌరి సన్నిధిని జరిగిన పెండ్లిలో మేము తీసిన 12 బొమ్మలలో 9 మసకబారినవి. మా పెద్దమ్మగారి ముఖమును అందులోనే పోయినది. ఆమె మరల మా యింటి పెండ్లికి రాలేదు. నాటి మా మడత కెమేరా, చిన్న రంధ్రమున రెండు నీడలను ఒక్కటి చేయవలసిన రేంజ్‌ఫైండరు జాతిది. శుక్లము కమ్ముచున్న కంటికి ఆ పని కత్తిమీద సామే.

1929లో వచ్చిన రోలైఫ్లెక్సు తీరు జంటకటకముల కెమేరాయే మాకు మేలని తోచినది. పొట్టకు ఆనించి పైనుండి చూచినచో 6 సెంటీమీటర్ల చదరపు గాజుపై బొమ్మ నిలుచును. మూతలోని భూతద్దమును లేపిన కనురెప్ప వెండ్రుకయు తేటపడును. కుడియెడమలు మాత్రము తారుమారు. పరుగిడు పిల్లలను పట్టబోయి నేటికిని తప్పుదిక్కునకే త్రిప్పుచున్నాము!

మామియా సీ 330కి కటకములు మార్చుకొనవచ్చును. కాని కిలోన్నర మించిన ఆ బరువును కోరాపుట్టు కొండదారులలో ఎవరు మోయుదురు? పైగా దాని అంకెలు కటకము చుట్టునే యుండును, వంగి చదువవలెను. 1970 నుండి 1986 వరకు తయారైన యాషికా మ్యాట్ 124 జీలో అవి పైకిటికీలోనే కనబడును. బొమ్మ తీయు కటకము ఎఫ్ 3.5 కాగా, చూచు కటకము ఎఫ్ 2.8, ఆ కొద్దిపాటి వెలుగే మావంటివారికి పెద్ద ఆసరా. మేము దానినే కొంటిమి.

ఇప్పుడు దొరకునవన్నియు వాడినవే. ఈ కొండల వానకు లోపలి అద్దము బూజుపట్టును. కొనుటకు ముందు మూత తెరచి, మీ కండ్లజోడుతోనే, గోడమీది క్యాలెండరు అంకెలను చదివి చూడుడు.