ఆమ్లజని అను పేరు: లవోయిజియే గ్రంథముపై ఒక విమర్శ

చింతపండు, నిమ్మకాయ, పుల్లమజ్జిగ వీనిలోని పులుపును నాలుక ఇట్టే గుర్తించును. సున్నపుతేటలోను, బూడిదనీటిలోను ముంచిన వ్రేళ్లకు జారుడు తెలియును. మొదటివానిని పుల్లన చేయు పదార్థములు ఆమ్లములు. రెండవవానిని జారుగా చేయునవి క్షారములు. పసుపును సున్నముతో కలిపి పారాణి చేయు ఇల్లాలికి ఈ భేదము కంటికే కనబడును. క్షారము తగిలిన పసుపు ఎర్రబడును. దానిపై చాలినంత నిమ్మరసము పిండినచో తిరిగి పసుపువన్నె వచ్చును. ఇంతకును ఆమ్లములన్నిటికి పులుపు నిచ్చు వస్తువు ఏది? ఈ ప్రశ్నకు 18వ శతాబ్ది చివర ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజియే ఒక సమాధానము చెప్పెను. అది తప్పు సమాధానము. అయినను అది తెలుగులో 'ఆమ్లజని' అను మాటగా స్థిరపడినది.

లవోయిజియే 1789లో ప్యారిస్‌లో ప్రకటించిన రసాయనశాస్త్ర ప్రాథమిక గ్రంథము ఆధునిక రసాయనశాస్త్రమునకు పునాది యనుట అతిశయోక్తి కాదు. వస్తువులు మండునపుడు వానిలోని 'ఫ్లాజిస్టన్' బయటికి పోవునను పాత నమ్మకమును ఆ గ్రంథము త్రాసు సాక్ష్యముతో త్రోసివేసినది. ఇక విడదీయ శక్యముకాని 33 మూల పదార్థములను ఒక పట్టికగా కూర్చినది. అంతకు రెండేండ్ల ముందు, 1787లో, ఆయన గీటన్ ద మోర్వో, బెర్తొలే, ఫుర్‌క్రోవా అను మువ్వురితో కలిసి పదార్థములకు క్రొత్త పేర్లు ఏర్పరచియుండెను. పేరు భావమును, భావము వాస్తవమును సరిగా చూపవలెననియు, భాష చెడినచో శాస్త్రమును చెడుననియు గ్రంథపు ముందుమాటలో గట్టిగా వాదించెను. కావున ఆయన పెట్టిన పేరును ఆయన కొలబద్దతోనే కొలుచుట న్యాయము.

గంధకము, భాస్వరము, బొగ్గు వీనిని మండించినపుడు అవి గాలిలోని ఒక భాగముతో కలియుచున్నవి. అట్లు పుట్టిన పదార్థములను నీటిలో కరిగించిన ఆమ్లములు ఏర్పడుచున్నవి. దీనిని చూచి లవోయిజియే ఆ వాయువే ఆమ్లత్వమునకు మూలమని నిశ్చయించి, గ్రీకు భాషలో 'పులుపును పుట్టించునది' అను అర్థము వచ్చునట్లు దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టెను. ఆయన ఇంతటితో ఆగలేదు. ఆక్సిజన్ కొద్దిగా చేరిన ఆక్సైడు, ఎక్కువగా చేరిన ఆమ్లము అని మెట్లు కట్టెను. సల్ఫ్యూరస్, సల్ఫ్యూరిక్ అను పేర్లలోని తేడా ఆక్సిజన్ పాలును బట్టి వచ్చినదే. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చుచున్నది. తాను పరీక్షించిన కొన్ని పదార్థముల వరకు ఆయన చెప్పినది నిజము. వానినుండి అన్ని ఆమ్లములకు నియమము గీయుటయే దోషము.

దోషము మొదట బయటపడవలసిన చోటు ఉప్పునుండి తీయు మ్యూరియాటిక్ ఆమ్లము, అనగా నేటి హైడ్రోక్లోరిక్ ఆమ్లము. దానినుండి ఎవరును ఆక్సిజన్‌ను వేరుచేయలేదు. అయినను లవోయిజియే, ఆక్సిజన్‌తో కలిసి ఆ ఆమ్లము నిచ్చు 'మ్యూరియాటిక్ మూలకము' ఒకటి ఉండితీరునని తలచి, దానిని తన పట్టికలో చేర్చెను. విడదీసి చూడనిదానిని నమ్మరాదని బోధించిన గ్రంథములో, కంటబడని పదార్థము సిద్ధాంతము కొరకు చోటు సంపాదించినది. ప్రస్సిక్ ఆమ్లములో ఆక్సిజన్ కనబడదని ఆయన సహచరుడు బెర్తొలే 1787లోనే చూపియుండెను. ఆ హెచ్చరికకు రావలసిన విలువ రాలేదు.

సమాధానము ఇంగ్లండునుండి వచ్చినది. హంఫ్రీ డేవీ 1807లో విద్యుత్తు సహాయమున పొటాసియమును, సోడియమును వేరుచేసెను. తీవ్రక్షారములైన కాస్టిక్ పొటాష్, కాస్టిక్ సోడాలలో ఆక్సిజన్ ఉన్నట్లు దానితో తేలినది. ఆమ్లమును పుట్టించునది క్షారములో ఎట్లుండును? మరి రెండేండ్లకు, 1809లో, గే-లూసాక్, థెనార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 'ఆక్సీమ్యూరియాటిక్ ఆమ్లము' అనబడు పసుపుపచ్చని వాయువును కాగిన బొగ్గుపై పంపి అందలి ఆక్సిజన్‌ను లాగ యత్నించిరి. ఏమియు రాలేదు. ఆ వాయువు మూలకమే యని 1810లో డేవీ ప్రకటించి, దాని రంగును బట్టి క్లోరిన్ అని పేరిడెను. మ్యూరియాటిక్ ఆమ్లములో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప మరేమియు లేవని దీనితో రుజువైనది.

ఆమ్లత్వము హైడ్రోజన్‌కు సంబంధించినదని క్రమముగా తెలిసినది. లోహము వచ్చి తొలగింపగల హైడ్రోజన్ గలవే ఆమ్లములని 1838లో లీబిగ్ చెప్పెను. నీటిలో జరుగు సంగతిని స్వీడనుకు చెందిన అర్హీనియస్ 1884 నాటి పరిశోధన వ్యాసముతో ఆరంభించి 1887లో స్పష్టపరచెను. ఆమ్లము నీటిలో విడిపోయి హైడ్రోజన్ అయానులను, క్షారము హైడ్రాక్సైడు అయానులను ఇచ్చునని ఆయన మతము. దీనికి సాక్ష్యము ద్రావణములే. కిలోగ్రాము నీటిలో పదవవంతు మోల్ చక్కెర కరిగినచో నీరు గడ్డకట్టు ఉష్ణోగ్రత సుమారు 0.19 డిగ్రీలు తగ్గును. అంతే ఉప్పు కరిగినచో తగ్గుదల దాదాపు రెట్టింపు. ఉప్పు రెండు అయానులుగా విడిపోవుటయే ఇందుకు కారణము. మరియు, ఏ తీవ్రామ్లమును ఏ తీవ్రక్షారముతో తటస్థపరచినను, ఒక మోల్ నీరు ఏర్పడునపుడు వెలువడు ఉష్ణము ఇంచుమించు 57 కిలోజౌళ్లే. ఆమ్లములు వేరైనను జరుగు చర్య ఒక్కటే: హైడ్రోజన్ అయాను, హైడ్రాక్సైడు అయాను కలిసి నీరగుట.

ఈ మతమునకును హద్దు కలదు. పొడి హైడ్రోజన్ క్లోరైడు వాయువును తడిలేని బెంజీనులో కరిగించినచో ఆ ద్రావణము విద్యుత్తును ప్రసరింపజేయదు. అదే వాయువు నీటిలో తీవ్రామ్లము. దీనినిబట్టి ఆమ్లత్వము ఒక పదార్థములో దాగియున్న వస్తువు కాదనియు, ద్రావితమునకు ద్రావణికి నడుమ జరుగు వ్యవహారమనియు తెలియుచున్నది. 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీలు వేర్వేరుగా ఈ దృష్టితోనే ఆమ్లమును ప్రోటాను నిచ్చునదిగా, క్షారమును ప్రోటానును గ్రహించునదిగా నిర్వచించిరి.

ఇక తెలుగు మాట సంగతి. పేరు గుర్తు మాత్రమే, అర్థము పట్టించుకోనక్కరలేదని కొందరు వాదింపవచ్చును. 'ఆటం' అనగా ఖండింపరానిది; ఖండింపబడిన తరువాతను ఆ పేరు మారలేదు గదా! ఈ వాదము గ్రీకు మాటకు చెల్లును, తెలుగు మాటకు చెల్లదు. ఆక్సిజన్ అను మాట తెలుగు బాలునికి ఒట్టి శబ్దము. ఆమ్లజని అట్టిది కాదు. ఆమ్లము, జని అను రెండు మాటలును వానికి తెలిసినవే. గ్రీకు తెరచాటున అణగియున్న తప్పును అనువాదము వెలుగులోకి తెచ్చి పాఠముగా మార్చినది. సోడియం హైడ్రాక్సైడులో ఆమ్లజని ఉండగా అది ఆమ్లమేల కాదని అడుగు విద్యార్థి మందబుద్ధి కాడు. పేరు చెప్పినదానిని నమ్మినవాడు.

'ఉదజని'కి ఈ దోషము లేదు. హైడ్రోజన్ మండినచో నీరే పుట్టును. 'ప్రాణవాయువు' నిజమునే చెప్పును, కాని ఒక్క గుణమునే చెప్పును. 'ఆక్సిజన్' తెలుగువానికి ఏమియు చెప్పదు, కనుక అబద్ధమును చెప్పదు. పాఠశాలలో దానిని వాడుటయే మేలు. ఆమ్లజని అను మాటను నిఘంటువునుండి తొలగింపనక్కరలేదు. ఆ పేరు ఎట్లు వచ్చెనో చెప్పుచు పరిచయము చేసిన చాలును. పేరు వాస్తవమునకు సరిపోవలెనన్న లవోయిజియే సూత్రమును పాటించువారు చేయవలసినది ఇదియే.